పిల్లల్ని ఎప్పుడు కంటారు: ఇంటర్వ్యూలో ఆ ఒక్క ప్రశ్న వెనకున్న లెక్క

ఇంటర్వ్యూ దాదాపు అయిపోవస్తుంది. పని గురించి అడగాల్సినవన్నీ అడిగేస్తారు. ఫైలు మూసి, పెన్నుకు క్యాప్ పెట్టి, కుర్చీలో కాస్త వెనక్కి వాలి అప్పుడు అడుగుతారు: "పెళ్లయి ఎన్నాళ్లయిందండీ?" ఆమె చెబుతుంది. "మరి పిల్లల సంగతి ఏమైనా అనుకుంటున్నారా?" ఈసారి ఆమె వెంటనే చెప్పదు.

బల్లకు ఇవతలి వైపు, అంటే అడిగేవాళ్ల వైపు, కూర్చుని నేనిది ఒకసారి చూశాను. నా పక్కనాయన మార్కుల షీటులో ఆమె పేరు ఎదురుగా అప్పటికే పదికి ఎనిమిది వేసి ఉన్నాడు. ఆ ప్రశ్న తర్వాత ఎనిమిదిని దిద్దలేదు. షీటు అంచున పెన్సిల్‌తో చిన్నగా "కొత్త పెళ్లి" అని రాసుకున్నాడు. సాయంత్రం జాబితా ఖరారు చేసేటప్పుడు ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఏడు మార్కులొచ్చిన అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. అతనికీ పెళ్లయి ఏడాది కాలేదు. అది విన్నప్పుడు మాలో ఒకరు "మంచిది, ఇక కుదురుకున్నట్టే" అన్నారు. నేను ఆ రోజు నోరు విప్పాల్సింది, విప్పలేదు. ఆ పెన్సిల్ రాత మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు.

ఈ ప్రశ్న తప్పని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నేనూ తప్పనే అంటాను. కానీ అక్కడితో ఆగితే, ఇన్ని దేశాల్లో ఇన్ని చట్టాలు వచ్చాక కూడా అది ఎందుకు బతికి ఉందో అంతుపట్టదు. అందుకని ముందు అడిగేవాడి లెక్క చూద్దాం.

ఆరుగురితో నడిచే ఆఫీసు ఒకటి ఉందనుకోండి. ఒకరు ఆరు నెలలు సెలవు పెడితే పనిలో ఆరో వంతు ఆగిపోతుంది. సెలవు జీతం ఒక ఖర్చు, తాత్కాలికంగా తెచ్చుకున్న మనిషికి ఇచ్చేది ఇంకో ఖర్చు, ఆ మనిషికి పని నేర్పేసరికి సెలవు కాస్తా అయిపోతుంది. ఈ భయం కల్పించుకున్నది కాదు. అలా ఆలోచించేవాడికి ఆడవాళ్ల మీద ద్వేషం ఉండాల్సిన పని కూడా లేదు. 1970ల మొదట్లో ఎడ్మండ్ ఫెల్ప్స్, కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్తలు దీన్నే గణాంక వివక్ష అన్న పేరుతో వివరించారు. ఎదురుగా ఉన్న మనిషి గురించి తెలియనప్పుడు ఆ మనిషి ఏ గుంపులోదో చూసి, గుంపు సగటును ఆమె నెత్తిన వేయడం. పిల్లల గురించి అడిగేవాళ్లలో చాలామంది తాము సగటుతో సరిపెట్టుకోకుండా అసలు మనిషినే అడిగి తెలుసుకుంటున్నామని, అది న్యాయమేనని నిజంగానే నమ్ముతారు.

ఆ నమ్మకం ఎక్కడ కూలుతుందంటే, ఆ జవాబుతో వాళ్లకు తెలిసేది ఏమీ లేదు. పిల్లల విషయంలో అనుకోవడం వేరు, జరగడం వేరు. ప్రపంచంలో ఏటా వచ్చే గర్భాల్లో దాదాపు సగం, అంటే సుమారు 12 కోట్ల 10 లక్షలు, అనుకోకుండా వచ్చేవేనని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2022 నివేదిక చెప్పింది. అటువైపు, ఏళ్ల తరబడి బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. నెల కిందట గర్భస్రావమై, ఆ బాధ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పుకోలేక ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు ఉన్నారు. బిడ్డను దత్తత తీసుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అసలు వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లందరూ ఆ ఒక్క ప్రశ్నకు "ఇప్పట్లో లేదండీ" అనే అంటారు. ఉద్యోగం కావాలి కాబట్టి ఇంకోలా అనలేరు. ఎవరిని అడిగినా ఒకే జవాబొచ్చే ప్రశ్న ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాని వల్ల తేలేది ఒక్కటే, అమ్మాయి ఎంత ధీమాగా అబద్ధం చెప్పగలదో.

ఇంకో సంగతి. లెక్క కేవలం సెలవుదే అయితే తండ్రి కాబోయేవాడిని కూడా కొంతైనా అనుమానించాలి. 2007లో షెల్లీ కోరెల్ తన సహచరులు స్టీఫెన్ బెనార్డ్, ఇన్ పైక్‌లతో కలిసి అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. అర్హతలన్నీ సమానంగా ఉండేలా రెజ్యూమెలు తయారు చేసి, ఒకదాంట్లో మాత్రం బడిలో తల్లిదండ్రుల సంఘంలో పనిచేసినట్టు ఒక వాక్యం చేర్చారు. అంటే పిల్లలున్నారని పరోక్షంగా తెలియజేయడం. నిజమైన ఉద్యోగ ప్రకటనలకు వాటిని పంపితే, పిల్లలు లేని స్త్రీలకు తల్లుల కంటే దాదాపు రెండు రెట్లు ఎక్కువ పిలుపులొచ్చాయి. తండ్రులకు ఆ దెబ్బ తగల్లేదు. ప్రయోగశాలలో రెజ్యూమెలు చూసినవాళ్లు తల్లులకు సగటున 11,000 డాలర్లు తక్కువ జీతం ప్రతిపాదించారు. వీళ్లకు పిల్లలు అప్పటికే పుట్టేశారు, ప్రసూతి సెలవు ముందున్నదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. అయినా జీతం కోసేశారంటే, లెక్క మాటున లెక్క కానిదేదో దాగి ఉందన్నమాట.

ఇది ఈనాటిది కాదు. ఒకప్పుడు అడగాల్సిన అవసరమే ఉండేది కాదు, నిబంధనే ఉండేది. పెళ్లయితే ఉద్యోగం మానేయాలి. బ్రిటన్ సివిల్ సర్వీసులో ఆ నిబంధన 1946 దాకా ఉంది. విదేశాంగ సర్వీసులోనైతే 1973 దాకా సాగింది. ఐర్లాండ్ ప్రభుత్వోద్యోగాల్లో కూడా దాన్ని ఎత్తేసింది 1973లోనే. భారత విదేశాంగ సర్వీసు నియమాల్లో పెళ్లి చేసుకోవాలంటే మహిళా అధికారి ముందుగా ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని ఉండేది. వివాహిత స్త్రీకి ఆ సర్వీసులో నియామకం హక్కు కాదని కూడా ఉండేది. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. చేరేటప్పుడే, పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని తనచేత రాయించుకున్నారని ఆమె పిటిషన్‌లో చెప్పారు. ఎంపికైనప్పుడు సర్వీస్ కమిషన్ ఛైర్మనే తనను చేరవద్దని నచ్చజెప్పబోయారని కూడా చెప్పారు. 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ అడిగిన మాట చాలా సూటిగా ఉంటుంది. స్త్రీ పెళ్లి చేసుకుంటే సంసార బాధ్యతలు పనికి అడ్డొస్తాయనుకుంటే, మగ అధికారి పెళ్లి చేసుకున్నప్పుడు కూడా అదే ప్రమాదం ఉంటుంది కదా అని.

అమెరికాలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. ఐడా ఫిలిప్స్ అనే ఆమె 1966లో మార్టిన్ మరియెట్టా కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోబోతే, బడి ఈడు రాని పిల్లలున్న ఆడవాళ్ల దరఖాస్తులు తీసుకోవడం లేదన్నారు. అదే ఈడు పిల్లలున్న మగవాళ్లను తీసుకుంటున్నారు. కంపెనీ వాదన వినడానికి గట్టిగానే ఉంటుంది: ఆ పనికి మేం తీసుకున్నవాళ్లలో నూటికి 75 నుంచి 80 మంది ఆడవాళ్లే, మాకు ఆడవాళ్ల మీద వివక్ష ఎక్కడిది? 1971లో సుప్రీంకోర్టు ఈ వాదనతో ఏకీభవించలేదు. చిన్నపిల్లలున్న స్త్రీకి ఒక రూలు, చిన్నపిల్లలున్న పురుషుడికి ఇంకో రూలు పెడితే అది చట్టానికి విరుద్ధమేనంది. "మా దగ్గర సగం మంది ఆడవాళ్లే" అని ఇవాళ ఎవరైనా చెప్పినప్పుడు ఈ కేసు గుర్తు చేసుకోవాలి. ఎంతమంది ఉన్నారన్నది ఒక్కటే చాలదు, ఎలాంటివాళ్లను గుమ్మంలోంచే పంపేశారన్నది కూడా చూడాలి.

చట్టాల దగ్గరికొస్తే, బయట చాలామందికి ఉన్న ఒక అపోహ ముందు తీరాలి. ఈ ప్రశ్న అడగడమే నేరమని అందరూ అనుకుంటారు. అన్నిచోట్లా అలా లేదు. అమెరికా సమాఖ్య చట్టం ఆ ప్రశ్నను పేరు పెట్టి నిషేధించలేదు. జవాబు ఆధారంగా ఉద్యోగం ఇవ్వకపోతే అది వివక్ష, అడిగిన సంగతి ఆ వివక్షకు సాక్ష్యంగా నిలుస్తుంది, అంతే. ఇక్కడ భారమంతా ఉద్యోగం రానివాళ్ల మీదే పడుతుంది. తనకు ఎందుకు రాలేదో ఆమెకు ఎవరు చెబుతారు? షీటు అంచున పెన్సిల్‌తో రాసింది ఆమె కంట పడదు కదా.

ఇంకొన్ని దేశాలు ప్రశ్ననే ఆపాయి. ఫ్రాన్స్ కార్మిక చట్టం, గర్భం గురించి ఆరా తీయకూడదని యజమానికి చెప్పి, ఆ సంగతి దాచుకునే హక్కు అభ్యర్థికి ఇచ్చింది. దక్షిణ కొరియా 2019లో దరఖాస్తులో పెళ్లి వివరాలు అడగడాన్ని జరిమానా పడే తప్పుగా చేసింది. చైనాలో 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మహిళా హక్కుల చట్టం పెళ్లి గురించి, పిల్లల గురించి అడగడాన్ని, నియామకం కోసం గర్భ పరీక్ష చేయించడాన్ని నిషేధించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కూడా ఉద్యోగానికి గర్భ పరీక్ష పెట్టొద్దంటుంది. తల్లికో బిడ్డకో నిజంగా హాని ఉన్న పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

జర్మనీ కోర్టులు ఇంకో అడుగు ముందుకేశాయి. అడగకూడని ప్రశ్న అడిగినప్పుడు అభ్యర్థి అబద్ధం చెప్పొచ్చు, తర్వాత ఆ అబద్ధాన్ని చూపించి ఉద్యోగం తీసేయడానికి వీల్లేదు. వినగానే అబద్ధానికి కోర్టు అండేమిటి అనిపిస్తుంది. కానీ ఆమె స్థానంలో నిలబడి చూడండి. నిజం చెబితే ఉద్యోగం రాదు. "అది నా సొంత విషయమండీ" అంటే గర్వం అనుకుంటారు, లేదంటే ఏదో ఉందని అనుకుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడిగే హక్కు లేనివాడికి నిజం వినే హక్కు మాత్రం ఎక్కడిది అని ఆ కోర్టులు ఆలోచించాయి, నాకు ఇది సబబుగానే తోస్తుంది.

భారత సుప్రీంకోర్టు ముందుకు దాదాపు ఇలాంటి కేసే వచ్చింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నీరా మాథుర్ 1989లో ఎల్‌ఐసీలో అసిస్టెంట్‌గా చేరారు. చేరే ముందు ఒక డిక్లరేషన్ నింపించారు. పెళ్లయిందా, పిల్లలెందరు అన్న దగ్గర ఆగలేదు. నెలసరి సక్రమంగా వస్తోందా, నొప్పి ఉంటుందా, ఇప్పటిదాకా ఎన్నిసార్లు గర్భం దాల్చారు, ఆఖరి నెలసరి ఏ తేదీన వచ్చింది, గర్భస్రావాలు అయ్యాయా, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆమె నింపారు, డాక్టరు పరీక్షించి సరే అన్నారు, ఉద్యోగం వచ్చింది. 1990 జనవరిలో బిడ్డ పుట్టింది. ప్రసూతి సెలవులో ఉండగానే ఉద్యోగం తీసేశారు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. కారణం చెప్పాల్సివచ్చినప్పుడు, ఆఖరి నెలసరి తేదీ తప్పు రాసిందన్నారు.

1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆమె అబద్ధం చెప్పిందా లేదా అన్న దగ్గరే ఆగిపోకుండా, అసలు తప్పు ఆ డిక్లరేషన్‌లోనే ఉందని తేల్చింది. ఆ కాలమ్‌లు అవమానకరం కాకపోయినా కనీసం ఇబ్బందికరమని, ఆత్మాభిమానం ఉన్న స్త్రీ అలాంటివి బయటపెట్టలేకపోవచ్చని, వాటిని తీసేస్తే మంచిదని చెప్పింది. ఆ కాలమ్‌లు ఏదో ఒక రోజు ఏదో ఒక ఆఫీసులో ఎవరో టైపు చేసి, ఎవరో సంతకం పెట్టి, వేల కాపీలు అచ్చు వేయించినవే. ఇంతమంది చేతులు మారినా, ఆఖరి నెలసరి తేదీతో మనకు పనేమిటని ఎవరికీ తట్టలేదు. నన్ను బాధపెట్టేది అదే. అలవాటుపడ్డ అవమానం ఎవరి కంటికీ అవమానంగా కనిపించదు.

సరే, ప్రశ్నను నిషేధించాం. ఇక సమస్య తీరినట్టేనా?

లేదు. ఇక్కడే చిక్కుముడి ఇంకాస్త బిగుస్తుంది. అడగడం ఆపించగలం కానీ ఊహించడం ఆపించలేం. అడగలేనివాడు పుట్టిన తేదీ చూస్తాడు, పేరు చూస్తాడు, సోషల్ మీడియాలో పెళ్లి ఫొటోలు వెతుకుతాడు. ముప్పై ఏళ్ల స్త్రీ అయితే చాలు, పిల్లలు వద్దనుకున్న మనిషికి కూడా ఆ సగటే వర్తిస్తుంది. నిషేధం ఇలా ఎదురు తిరగడం వేరే చోట కొలిచి చూశారు. అమెరికాలో దరఖాస్తులో నేరచరిత్ర అడగొద్దని చట్టాలు వచ్చాక, అమాండా అగన్, సోనియా స్టార్ అనే పరిశోధకులు న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో సుమారు 15,000 కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. అంతకుముందు ఆ ప్రశ్న అడిగిన సంస్థల్లో తెల్లజాతివారికి నల్లజాతివారి కంటే 7 శాతం ఎక్కువగా వచ్చే పిలుపులు, ప్రశ్న తీసేశాక 43 శాతం ఎక్కువయ్యాయి. అడిగి తెలుసుకునే వీలు పోయాక, పేరును బట్టి జాతి పోల్చుకుని నేరచరిత్రను ఊహించడం మొదలుపెట్టారు. అలాగని ఆ చట్టాలు వద్దని నేననను. ప్రశ్న పోయినా భయం పోకపోతే ఆ భయం ఇంకో దారి వెతుక్కుంటుందని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది.

దీనికి తోడు ఇంకో పీట ముడి ఉంది. అడగకుండానే చెప్పేసేవాళ్ల వల్ల పడేది. "నాకు ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్లయిపోయారు, ఆ బెడద లేదండీ" అని ఒకామె తనంతట తాను చెబుతుంది. ఆమెను తప్పుపట్టలేం, ఆమెకు ఉద్యోగం కావాలి. కానీ ఆమె తర్వాత వచ్చిన అమ్మాయి మౌనంగా ఉంటే ఆ మౌనానికి ఇప్పుడు ఒక అర్థం వచ్చేసింది. చెప్పుకోగలిగినవాళ్లంతా చెప్పుకుంటూ పోతే, చెప్పనివాళ్ల గురించి చెడ్డదే అనుకుంటారు. అందుకే ప్యానెల్ ప్రశ్న అడగకపోతే చాలదు, అభ్యర్థి ఆ మాట ఎత్తినా "అది మాకు అవసరం లేదండీ" అని మర్యాదగా ఆపాలి. బాగా శిక్షణ పొందిన ప్యానెల్‌లు ఈ పని చేస్తాయి.

మరి భయం ఎలా పోతుంది? నా ఉద్దేశంలో దీని కీలకం 1990లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పిన ఒక డచ్ కేసులో ఉంది. ఎలిజబెత్ డెక్కర్ అనే ఆమె యువతకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రంలో ఉద్యోగానికి వెళ్లి, తాను మూడు నెలల గర్భవతినని తనే చెప్పింది. ఎంపిక కమిటీ ఆమే అందరికంటే తగిన మనిషని సిఫారసు చేసింది. కేంద్రం మాత్రం తీసుకోలేదు. ఎందుకంటే, చేరేటప్పటికే తెలిసిన గర్భం కాబట్టి ఆమె సెలవు జీతాన్ని తాము తిరిగి చెల్లించబోమని బీమా సంస్థ అంటుంది. ఆ డబ్బు కేంద్రమే భరించాలి, ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకునే స్తోమత ఉండదు. గర్భం కారణంగా తీసుకోకపోవడం నేరుగా లింగ వివక్షేనని, డబ్బు నష్టం దానికి సాకు కాదని న్యాయస్థానం చెప్పింది. పోటీలో మగవాళ్లు ఒక్కరూ లేకపోయినా అది వివక్షేనంది.

న్యాయం అది. అయితే కేసులో జరిగింది మళ్లీ చూడండి. కమిటీకి ఆమె కావాలి. ఆమెను గుమ్మం బయట నిలబెట్టింది ఒక బీమా నిబంధన. బిల్లు ఎవరి బల్ల మీదికి వస్తుందో వాళ్ల నోటి వెంటే "పిల్లల సంగతేమిటి" అన్న మాట వస్తుంది. 183వ ఒప్పందంలో ప్రసూతి భత్యాన్ని సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో ఇవ్వాలని, ఒక్కొక్క యజమాని మీద విడిగా వేయకూడదని రాసింది ఈ భయం తెలిసే. భారత్ 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. తల్లీబిడ్డలకు అది మేలే, అందులో సందేహం లేదు. కానీ ఈఎస్‌ఐ పరిధిలోకి రాని ఉద్యోగికి ఆ జీతం యజమానే ఇవ్వాలి. సెలవు పెరిగిన కొద్దీ ఆ ఆరుగురి ఆఫీసులో లెక్క కూడా పెరుగుతుంది. అమ్మాయిని తీసుకోవడానికి వెనకాడే మనిషి చేతికి ఇంకో కారణం దొరుకుతుంది.

రెండో దారి, తండ్రి కూడా సెలవు తీసుకునేలా చేయడం. స్వీడన్‌లో ఒక బిడ్డకు తల్లిదండ్రులకు కలిపి 480 రోజుల సెలవు ఉంటుంది, అందులో 90 రోజులు తండ్రివి, 90 తల్లివి, ఒకరివి ఇంకొకరు వాడుకోవడానికి లేదు. డబ్బు సామాజిక బీమా ఇస్తుంది. ముప్పై ఏళ్ల అబ్బాయీ నెలల తరబడి సెలవు పెట్టే చోట, ముప్పై ఏళ్ల అమ్మాయిని మాత్రమే అనుమానించడంలో అర్థం ఉండదు. అక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పబోవడం లేదు. పొరుగున డెన్మార్క్‌లో కూడా మొదటి బిడ్డ తర్వాత స్త్రీల సంపాదన పురుషుల కంటే దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడుతోందని హెన్రిక్ క్లేవెన్ బృందం లెక్కగట్టింది. అయినా ఇంటర్వ్యూ బల్ల దగ్గరికి వచ్చేసరికి, భారం ఇద్దరి మీదా ఉందని అందరికీ తెలిసిన చోట ఆ ప్రశ్నకు పదును తగ్గుతుంది.

చట్టాలు మారేదాకా ఆగలేం కాబట్టి, ప్యానెల్‌లో కూర్చునేవాళ్లతో ఒక మాట. మీ అసలు అవసరం ఏమిటో అది అడగండి. రాత్రి షిఫ్టు ఉంటుందా? "నెలకు పది రాత్రి షిఫ్టులు ఉంటాయి, చేయగలరా?" అని అడగండి. తరచూ ఊళ్లు తిరగాలా? ఎన్ని రోజులో చెప్పి అడగండి. అదే ప్రశ్న, అవే మాటల్లో, వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగండి. ఎలా కుదుర్చుకుంటారో ఆరా తీయకండి. బిడ్డను ఎవరు చూసుకుంటారన్నది వాళ్లింటి సంగతి, పనికి వస్తారా రారా అన్నదే మీది. లిఫ్టు దాకా సాగనంపుతూ మాటవరసకు అడిగేది కూడా ఇంటర్వ్యూ కిందికే వస్తుంది. చాలాచోట్ల ఆ ప్రశ్న పుట్టేది అక్కడే.

అడిగించుకునేవాళ్లతో చెప్పేది ఎప్పుడూ కష్టమే, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు, జాగ్రత్త మాత్రం వాళ్లే పడాలి. చాలామందికి పనికొచ్చిన పద్ధతి, ప్రశ్నను దాని వెనకున్న భయం వైపు తిప్పడం. "పని వేళల గురించి అడుగుతున్నారనుకుంటాను. మీరు చెప్పిన టైమింగ్స్ నాకు ఇబ్బంది లేదండీ" అంటే చాలు. సొంత విషయం బయటపడదు, మొహం మీద తలుపు వేసినట్టూ ఉండదు. ఇంటికొచ్చాక ఎవరు అడిగారు, ఏ మాటల్లో అడిగారు, ఏ తేదీన అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అడగడం నేరం కాని దేశాల్లో కూడా రేపు ఫిర్యాదు చేయాల్సివస్తే ఆ కాగితం పనికొస్తుంది.

ఆ ఇంటర్వ్యూ తర్వాత ఇంకొన్ని ప్యానెల్‌లలో కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు అడగబోయే ప్రశ్నలన్నీ ఒక షీటు మీద రాసుకుని, అందరం సంతకం పెట్టి, అందులో లేనిది అడగకూడదని ఇప్పుడు పట్టుబడతాను. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు ఒకాయన, "మరి ఇంట్లో పరిస్థితులు తెలుసుకోవద్దా అండీ?" అన్నాడు. తెలుసుకుని ఏం చేస్తారని అడిగాను. కాసేపు ఆలోచించి, సంతకం పెట్టి, షీటు పక్కవాళ్లకు అందించాడు.